ఏసీ సర్వీస్ వాట్సాప్ నంబర్‌కి ఏఐ అసిస్టెంట్‌ని కలపాలి: ఉన్న నంబర్ పోకుండా అవుద్దా?

గాజువాక గ్యాస్‌కిట్:

నమస్తే అండి. విశాఖ గాజువాకలో మాది ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల సర్వీస్. అటు కూర్మన్నపాలెం నుంచి ఇటు ఎం.వి.పి. కాలనీ దాకా తిరుగుతాం. మార్చి నెలాఖరు వచ్చిందంటే ఫోన్ కింద పెట్టడానికి ఉండదు. కాల్స్ ఎలాగో నెట్టుకొస్తున్నాం, వాట్సాప్‌తోనే తంటా. ఒకటే ఫోను, అందులో బిజినెస్ యాప్, దాని ముందు మా ఆవిడ. పగలు బిల్లులు రాసుకుంటూ, రాత్రి వంట చేసుకుంటూ జవాబులిస్తది. పదకొండు దాటాక కూడా మెసేజ్‌లు వస్తాయి. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు పాపం, ఆ ఉక్కపోతలో ఏసీ ఆగిపోతే! పొద్దున్న మేం చూసుకునేసరికి ఇంకెవర్నో పిలిచేసుకుంటారు.

వచ్చే మెసేజ్‌లు ఎలాగుంటాయంటే: ‘హలో’ అని ఒకటి. ‘ఏసీ’ అని ఇంకోటి. ‘నీళ్ళు కారిపోతన్నాయి’ అని మరోటి. తర్వాత గోడ మీద తడి మరక ఫొటో. ఆ తర్వాత లొకేషన్. సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. పెద్దవాళ్ళయితే వాయిసే, వెనకాల టీవీ మోగతా ఉంటది.

ఈమధ్య ఒక కంపెనీ కుర్రాడొచ్చి ఏఐ పెట్టిస్తామన్నాడు. నెలకింత కట్టాలట, పైగా ఫోన్‌లో వాట్సాప్ తీసేయాలి, లేదంటే కొత్త నంబర్ తీసుకోవాలట. మా నంబర్ వ్యాన్ మీద రాసుంది, మేం చూసిన ప్రతి ఏసీ పక్కన స్టిక్కర్ మీద ఉంది. దాన్ని వదులుకోమంటే ఎలా?

నా భయం ఇంకోటుంది. బీచ్ వైపు ఫ్లాట్లలో ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ తినేస్తది. ‘గ్యాస్ ఎక్కించడానికి ఎంత’ అని అడుగుతారు. ఏ గ్యాసో, లీకు ఎక్కడుందో చూడకుండా మేమే చెప్పం. ఈ ఏఐ తెలిసినట్టు ఒక రేటు చెప్పేస్తే, తర్వాత గుమ్మం దగ్గర మాటలు పడేది మా కుర్రాళ్ళు. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి. కోడింగ్ నాకు రాదు, మా మేనల్లుడు ఇంజినీరింగ్ చేస్తన్నాడు, వాడు చూసుకుంటానంటున్నాడు.

అరకు రోడ్డు:

నాది అరకు, లంబసింగి క్యాబ్‌లు. ఏఐ ఏమీ వద్దు గురూ. బటన్లు పెట్టుకో. ఒక మెసేజ్‌లో మూడు బటన్లు పెట్టొచ్చు, లిస్ట్ అయితే పది వరుసల దాకా వస్తాయి. ‘ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్’ మూడు బటన్లు, తర్వాత ఏరియా లిస్టు, తర్వాత టైమ్. నా దగ్గర బొర్రా గుహలతో కలిపి కావాలా, అరకు ఒక్కటేనా, ఎంతమంది, ఎప్పుడు అన్నీ అలాగే తీసుకుంటున్నా. మెషీన్ సొంత కవిత్వం రాయదు. రేటు మనం రాసిందే చెప్తుంది.

ఋషికొండ రాత్రిషిఫ్టు:

ఇలాంటివి కలిపి ఇవ్వడమే నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అరకు రోడ్డు గారు చెప్పినది తప్పు కాదు. మూడు ప్రశ్నల్లో తేలిపోయే బేరానికి బటన్లే మేలు. కానీ ‘రాత్రి బానే ఉంది, ఇప్పుడు ఆన్ చేస్తే టక్‌మని ఎంసీబీ స్విచ్ పడిపోతోంది’ అనే మనిషికి ఏ బటనూ సరిపోదు. ఏఐ పనికొచ్చేది అక్కడ.

ముందు మీ నంబర్ సంగతి. ఫోన్‌లో ఉన్నది వాట్సాప్ బిజినెస్ యాప్. ప్రోగ్రామ్‌తో మాట్లాడేది వేరే, దాన్ని క్లౌడ్ ఏపీఐ అంటారు, వాట్సాప్ ఓనరు మెటా 2022లో అందరికీ తెరిచింది. ఒకప్పుడు ఒక నంబర్ అటైనా ఉండాలి, ఇటైనా ఉండాలి. ఆ కుర్రాడు చెప్పింది ఆ కాలం మాట. ఇప్పుడు కోఎగ్జిస్టెన్స్ అని ఒక పద్ధతి ఉంది. అదే నంబర్ ఫోన్‌లో యాప్‌గానూ ఉంటుంది, ఏపీఐకీ పలుకుతుంది. దీన్ని మెటా గుర్తించిన పార్ట్‌నర్ ద్వారా చేయించుకోవాలి, యాప్‌లోంచి క్యూఆర్ స్కాన్ చేస్తే కలుస్తుంది. గ్రూపులు మాత్రం ఇటు రావు. ఫోన్‌లో యాప్‌ని అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండాలి, మూలన పడేస్తే కనెక్షన్ పోతుంది. ‘కోఎగ్జిస్టెన్స్ చేస్తారా’ అని ఆ కంపెనీని ఒక్క మాట అడగండి. అదేంటని వాళ్ళే తిరిగి అడిగితే టీ ఇచ్చి పంపేయండి.

ఇక మేనల్లుడికి. మీ సర్వర్‌లో ఒక అడ్రస్ పెడతావు, దాన్నే వెబ్‌హుక్ అంటారు. మెసేజ్ వచ్చినప్పుడల్లా మెటా ఆ అడ్రస్ తలుపు తడుతుంది. అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉండాలి, సొంతంగా తయారు చేసుకున్న సర్టిఫికెట్ ఒప్పుకోదు. మొదటిసారి కలిపేటప్పుడు నువ్వు పెట్టుకున్న వెరిఫై టోకెన్‌తో పాటు ఒక ఛాలెంజ్ సంఖ్య పంపుతుంది, దాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి పంపితే పని అయిపోతుంది. డ్యాష్‌బోర్డ్‌లో మొదట కనిపించే యాక్సెస్ టోకెన్, అంటే ఏపీఐ వాడుకోవడానికి ఇచ్చే తాళంచెవి, తాత్కాలికం. దాంతో సాయంత్రం అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది, మర్నాటికి మూగనోము పడుతుంది. సిస్టమ్ యూజర్‌ని సృష్టించి శాశ్వత టోకెన్ తీసుకో.

ఇంతవరకు యూట్యూబ్ చూసి ఎవరైనా చేసేస్తారు. అసలు ఇబ్బందులు దీని తర్వాత మొదలవుతాయి.

వెబ్‌హుక్‌కి మెసేజ్ రాగానే వెంటనే 200 అని, అంటే ‘అందింది’ అని, జవాబిచ్చేయాలి. ఏఐ దగ్గరకెళ్ళి, అది ఆలోచించి, సమాధానం వచ్చాక ఇద్దాంలే అనుకుంటే కుదరదు. జవాబు రాలేదని మెటా అదే మెసేజ్‌ని మళ్ళీ పంపుతుంది, మనవాడు మళ్ళీ సమాధానం రాస్తాడు, కస్టమర్‌కి ఒకే మాట రెండుసార్లు వెళ్తుంది. సర్వర్ పూర్తిగా పడిపోతే ఏడు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. కాబట్టి వచ్చినదాన్ని ఒక క్యూలో వేసి 200 చెప్పేయ్, ఏఐ పని వెనకాల జరగనీ. ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ ఉంటుంది, దాన్ని దాచుకుని, ఒకసారి చూసిన ఐడీ మళ్ళీ వస్తే వదిలెయ్. ఇంకో విషయం, ఇదే తలుపు దగ్గరికి ‘చేరింది’, ‘చదివారు’ అనే స్టేటస్‌లు కూడా వస్తాయి. వాటిని కస్టమర్ మెసేజ్ అనుకుని ఏఐకి ఇవ్వకు. పంపింది మెటాయేనని తెలియడానికి హెడర్‌లో వచ్చే సంతకాన్ని యాప్ సీక్రెట్‌తో సరిచూడు, లేకపోతే నీ అడ్రస్ తెలిసిన ప్రతివాడూ కస్టమర్‌లా మాట్లాడేస్తాడు.

ముక్కముక్కలుగా వచ్చే మెసేజ్‌ల గురించి మీరు రాశారు చూశారా, చాలామంది చెయ్యి కాల్చుకునేది అక్కడే. ‘హలో’కి ఒక స్వాగతం, ‘ఏసీ’కి ‘ఏం సమస్య అండీ’, ‘నీళ్ళు’కి ఇంకో పేరాగ్రాఫ్. అవతల మనిషి ఇంకా టైప్ చేస్తుండగానే మన బాట్ మూడు ఉపన్యాసాలు ఇచ్చేస్తుంది. వచ్చిన వెంటనే పరిగెత్తొద్దు. చివరి మెసేజ్ తర్వాత కొన్ని సెకన్లు ఆగి, అప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి ఒకేసారి ఏఐకి ఇవ్వాలి. ఆ ఆగే సమయంలో ‘టైప్ చేస్తున్నారు’ అని చూపించే వీలు ఏపీఐలోనే ఉంది, పాతిక సెకన్ల దాకా నిలుస్తుంది. మనిషి కంగారు పడడు.

వాయిస్ మెసేజ్ ఓజీజీ ఫైల్‌గా వస్తుంది, అది కూడా నేరుగా రాదు. ముందు ఒక మీడియా ఐడీ, దాంతో అడిగితే ఒక లింకు. ఆ లింకు అయిదు నిమిషాలే పనిచేస్తుంది, ఈలోగా దించుకోవాలి. దాన్ని అక్షరాల్లోకి మార్చడానికి వేరే మోడల్ కావాలి. కేంద్ర ప్రభుత్వ భాషిణి ఉంది, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళ మోడళ్ళున్నాయి, బయట కంపెనీలవీ ఉన్నాయి. ప్రకటనలు చూసి ఎంచుకోవద్దు. మీ ఫోన్‌లో ఉన్న పాత వాయిస్‌లు, టీవీ మోతతో సహా, వాటికి వినిపించి చూడండి.

గ్యాస్ రేటు భయం న్యాయమైనదే. ఈ ఏఐ వెనకుండే భాషా మోడల్‌ని ఏది అడిగినా ఏదో ఒకటి చెప్తుంది, అందులోనూ నమ్మకంగా చెప్తుంది. ‘రేట్లు చెప్పకు’ అని సూచనల్లో రాస్తే చాలదు, నాలుగుసార్లు గట్టిగా అడిగితే మెత్తబడుతుంది. నేను చేసేది ఇలా ఉంటుంది: రేట్లు మోడల్ చేతిలో అసలు పెట్టను. విజిట్ ఛార్జీ, జనరల్ సర్వీస్ లాంటి ఖాయమైనవి ఒక పట్టికలో ఉంటాయి, అడిగినప్పుడు ప్రోగ్రామ్ అక్కడినుంచి తెచ్చి ఇస్తుంది. పట్టికలో లేనిదానికి ‘చూశాక చెప్తారు’ అనే ఒక్కటే వాక్యం, అదీ మీరు రాసిందే. పైగా కస్టమర్‌కి వెళ్ళేముందు ప్రతి సమాధానాన్నీ ఒకసారి వడపోస్తాను. అందులో రూపాయి గుర్తో, ‘రూపాయలు’ అనో, పట్టికలో లేని అంకె ఏదైనా ఉంటే ఆపేసి మనిషికి పంపిస్తాను. మొరటు పద్ధతే గానీ పనిచేస్తుంది.

ఎర్రర్ కోడ్‌లూ అంతే. డిస్‌ప్లే ఫొటో పంపి ‘ఇదేంటి’ అంటారు. ఒకే కోడ్‌కి ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం. ఫొటోలోంచి కోడ్, బ్రాండ్ రాసుకోవడం దాకా ఏఐ పని. అర్థం చెప్పడం మీ టెక్నీషియన్ పని.

కాలిన వాసన, నిప్పురవ్వలు, షాక్ ఇలాంటి మాటలు కనబడితే ఏఐ దగ్గరికి వెళ్ళనే వెళ్ళొద్దు. ‘ముందు ఎంసీబీ ఆఫ్ చేయండి, దాన్ని ముట్టుకోకండి, ఫోన్ చేస్తున్నాం’ అని మీరు రాసి పెట్టిన మాటే పోవాలి, మీ ఫోన్ మోగాలి.

గాజువాక గ్యాస్‌కిట్:

మాస్టారూ, దండం. మేనల్లుడికి పంపించాను, ‘సంతకం’ దగ్గర ఆగిపోయాడు గానీ చూసుకుంటాడంట.

ఒకటి అర్థం కాలేదు. రాత్రి ఏఐ మాట్లాడింది అనుకుందాం. పొద్దున్న మా ఆవిడ ఫోన్ తీసి, ‘పది గంటలకి మనోడొస్తాడు అమ్మా’ అని తనే జవాబిచ్చేసింది. ఆవిడ చెప్పినట్టు ఏఐకి ఎలా తెలుస్తది? అటు కస్టమర్ ‘సరే అండి’ అంటే, ఇది మళ్ళీ మొదట్నుంచి ‘మీ ఏరియా ఏదండీ’ అని అడిగితే పరువు పోద్ది. పైగా మాకు పాత కస్టమర్లెక్కువ. ఆవిడ గొంతు, రాసే తీరు వాళ్ళకి తెలుసు. పెదవాల్తేరులో ఒకావిడుంది, ఏసీ సంగతి అయ్యాక మా పాప చదువు గురించి అడుగుతది.

డబ్బు లెక్క కూడా కాస్త చెప్పండి.

ఋషికొండ రాత్రిషిఫ్టు:

మీరు అడిగినదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. మిగతాదంతా ప్లంబింగ్. ఈ సంభాషణ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, మెషీన్ చేతిలోనా, మనిషి చేతిలోనా? ప్రతి కస్టమర్ పక్కనా ఆ ఒక్క విషయం రాసిపెట్టుకోని సిస్టమ్ ఎంత తెలివైన మోడల్ పెట్టినా అభాసుపాలవుతుంది. ఒక దుకాణంలో చూశాను, ఓనరు కస్టమర్‌కి క్షమాపణ రాస్తుంటే, కిందనే బాట్ ‘మీకు ఇంకేమైనా సహాయం కావాలా’ అని నవ్వుముఖం పెట్టింది.

కోఎగ్జిస్టెన్స్‌లో దీనికి దారి ఉంది. ఫోన్ యాప్‌లోంచి మీ ఆవిడ పంపిన ప్రతి మెసేజ్‌కీ ఒక ప్రతిధ్వని వెబ్‌హుక్‌కి వస్తుంది. ఎస్ఎంబీ మెసేజ్ ఎకోస్ అనే ఫీల్డ్‌కి సబ్‌స్క్రైబ్ అవ్వాలి, మేనల్లుడికి ఆ పేరు చెప్పండి. అది రాగానే ఆ కస్టమర్ దగ్గర ఏఐ నోరు మూసుకోవాలి. ఎంతసేపు అన్నది మీ ఇష్టం, మీ పనికైతే ఆ ఫిర్యాదు ముగిసేదాకా అంటాను నేను. మళ్ళీ కొత్త ఫిర్యాదుతో వస్తే అప్పుడు లేస్తుంది. ఆవిడ రాసిన మాట కూడా చరిత్రలో చేరాలి, లేకపోతే లేచాక ‘పది గంటలకి’ అన్న సంగతి దానికి తెలియదు.

రెండోవైపు నుంచి కూడా చూసుకోవాలి. మెషీన్ తనంతట తాను ఎప్పుడు తప్పుకోవాలి? ‘మనిషితో మాట్లాడాలి’ అన్నా, కోపంగా రాసినా, రెండుసార్లు అడిగినా అర్థం కాకపోయినా. వయసైనవాళ్ళు ‘మనిషిని ఇవ్వండి’ అనరు, ‘అమ్మా, నీకు తెలీదా’ అంటారు. మీ పాత మెసేజ్‌లు చూసి అలాంటి మాటలు ఏరి పెట్టండి.

పెదవాల్తేరు ఆవిడ లాంటి పాత కస్టమర్ల నంబర్లని ఒక లిస్టులో పెట్టేయండి, అక్కడికి ఏఐ వెళ్ళదు. కొత్తవాళ్ళకి మొదటి మాటలోనే ‘నేను షాపు తరఫున రాసుకునే కంప్యూటర్ని, పొద్దున్న మావాళ్ళు మాట్లాడతారు’ అని చెప్పించండి. మీ ఆవిడలాగా నటింపజేయొద్దు. తెలిసిపోతుంది, తెలిశాక బావుండదు.

డబ్బు. కస్టమర్ మెసేజ్ పెట్టిన దగ్గర్నుంచి 24 గంటల దాకా మీరు ఏదైనా రాయొచ్చు. 2024 నవంబర్ 1 నుంచి అలా ఇచ్చే జవాబులకి మెటా డబ్బు తీసుకోవడం లేదు. ఆ గడువు దాటితే ముందే రాసి ఆమోదం తీసుకున్న మెసేజ్ నమూనా, అంటే టెంప్లేట్, మాత్రమే పంపగలరు. 2025 జూలై 1 నుంచి టెంప్లేట్‌లకి మెసేజ్‌కి ఇంతని లెక్క, మార్కెటింగ్‌కి ఎక్కువ, యుటిలిటీకి తక్కువ. 24 గంటల లోపల పంపే యుటిలిటీకి డబ్బు లేదు. ‘టెక్నీషియన్ బయల్దేరాడు’ అనేది యుటిలిటీ. దాని చివర ‘ఈ నెల జనరల్ సర్వీస్‌పై తగ్గింపు’ అని ఒక్క ముక్క అతికించారా, మొత్తం మార్కెటింగ్ లెక్కలోకి పోతుంది. అతికించకండి. ఫోన్ యాప్‌లోంచి చేత్తో పంపేవి ఎప్పటిలాగే ఉచితం.

ఏఐకి టోకెన్ల లెక్క. ఇవి ఇందాకటి తాళంచెవి టోకెన్లు కావు, మోడల్ మాటల్ని విడగొట్టుకునే ముక్కలు. తెలుగు లిపిలో రాస్తే అదే మాటకి ఇంగ్లీషు కంటే టోకెన్లు ఎక్కువ పడతాయి. అయినా మీకు పెద్ద మోడల్ అక్కర్లేదు. సమస్య ఏంటి, ఏ కాలనీ, ఎప్పుడు ఖాళీ, ఈ మూడూ పట్టుకోవడానికి చిన్నదే చాలు. కస్టమర్ పేరు, ఫోన్ నంబర్ మోడల్‌కి పంపాల్సిన పనే లేదు, మెసేజ్ మాట ఒక్కటే పంపండి. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక అడ్రసులు, ఇంటి ఫొటోలు అవసరం తీరాక కూడా పోగేసుకు కూర్చోవడం మంచిది కాదు.

లాసన్స్‌బే డెస్క్:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హోమ్‌స్టే. ఆ ‘ఎవరి చేతిలో ఉంది’ అనేదాన్ని కోడ్‌లో రాసుకునే బదులు మేం చాట్‌వుట్ అనే ఓపెన్ సోర్స్ ఇన్‌బాక్స్ పెట్టుకున్నాం, మెసేజ్‌లన్నీ అందరం ఒకేచోట చూసుకునేది. బాట్‌ని కలిపితే కొత్త సంభాషణ ‘పెండింగ్’లో మొదలవుతుంది, అప్పటిదాకా బాట్‌ది. బాట్ దాన్ని ‘ఓపెన్’ చేస్తే మా అందరి స్క్రీన్ మీదా కనబడుతుంది. ఇద్దరు ముగ్గురు కూర్చుని జవాబిచ్చే చోట ఇది సుఖం. ఒక్కటి చూసుకోవాలి, బయటికి వెళ్ళే మెసేజ్‌కి కూడా బాట్‌కి కబురు (ఈవెంట్) వస్తుంది. లోపలికొచ్చేవి మాత్రమే తీసుకోమని చెప్పకపోతే బాట్ తనతో తానే మాట్లాడుకుంటుంది.

అరకు రోడ్డు:

ఇంత తతంగమా! నా బటన్లే హాయి. అయినా ఒక డౌటు. జనవరిలో వాట్సాప్ ఏఐ బాట్‌లని ఆపేసిందని అన్నారు కదా?

ఋషికొండ రాత్రిషిఫ్టు:

అది వేరే. 2026 జనవరి 15 నుంచి ఆపింది ‘ఏదైనా అడుగు చెప్తాను’ అనే సాధారణ ఏఐ అసిస్టెంట్‌లని, అంటే ఏఐయే సరుకుగా అమ్మేవాళ్ళని. ఏసీ షాపు తన కస్టమర్లకి జవాబివ్వడానికి వాడుకుంటే అడ్డు లేదు. కాకపోతే మీ బాట్‌ని ఎవరైనా ‘హోమ్‌వర్క్ చేసిపెట్టు’ అంటే చేసిపెట్టకూడదు. మీ టోకెన్లూ మిగులుతాయి.

చాట్‌వుట్ మాట బావుంది. గాజువాక గారికి మాత్రం మనిషి ఒక్కరే కాబట్టి ఇప్పుడే వద్దంటాను, ఫోన్ యాపే ఆవిడకి అలవాటు.

గాజువాక గ్యాస్‌కిట్:

ఆవిడకి చదివి వినిపించాను. ‘నా పేరుతో రాయకపోతే చాలు, రాత్రి పూట పెట్టుకోండి, పగలు నేనున్నాను’ అంది. అలాగే చేద్దామా? అంటే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకానే ఏఐ. పొద్దున్న ఆవిడకి ఒక లిస్టు: ఎవరు, ఏ కాలనీ, ఏం కంప్లైంటు.

అసలు నంబర్ మీద పెట్టేముందు ఎక్కడైనా ఆడించి చూసుకోవచ్చా?

ఋషికొండ రాత్రిషిఫ్టు:

మేడమ్ గారు చెప్పిందే సరైన డిజైన్, నేను ఇంత రాయకుండా ఉండాల్సింది. ఆ లిస్టు కాలనీల వారీగా ఇప్పించండి. గాజువాకవి ఒకచోట, బీచ్ వైపువి ఒకచోట ఉంటే వ్యాన్ రెండుసార్లు ఎన్‌ఏడీ జంక్షన్ దాటక్కర్లేదు.

ఆడించి చూడటానికి డెవలపర్ అకౌంట్‌లో మెటా ఒక టెస్ట్ నంబర్ ఉచితంగా ఇస్తుంది. దాన్నుంచి అయిదు నంబర్లకి పంపుకోవచ్చు. మీ టెక్నీషియన్ల నంబర్లు పెట్టి, కస్టమర్లలాగా విసిగించమనండి. ముఖ్యంగా గ్యాస్ రేటు కోసం పీడించమనండి.

గాజువాక గ్యాస్‌కిట్:

మా దగ్గర పాలకొండ కుర్రాడొకడున్నాడు, వాడి వాయిస్ మాకే సగం అర్థం కాదు. మొదటి నంబర్ వాడిదే పెడతాను.